సిర్రోసిస్ రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇంట్లోవాళ్లకు చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో ఫ్యాటీ లివర్ మీద వచ్చిన వ్యాసం చదివాను. బరువు తగ్గమన్నారు, నడవమన్నారు, తీపి తగ్గించమన్నారు. అన్నీ మంచి మాటలే. లివర్ జబ్బు రాకముందు ఏం చేయాలో పత్రికలు ఈమధ్య బాగానే చెబుతున్నాయి. కానీ జబ్బు ముదిరి, లివర్ గట్టిపడిపోయి, సిర్రోసిస్ అని తేలాక, ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపించాక, ఆ ఇంట్లోవాళ్లు ఏం చేయాలో మాత్రం ఎక్కడా కనపడదు. అది రాయండని అడగడానికే ఈ ఉత్తరం. పెద్దదైంది, ఏమనుకోకండి. వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. సర్వీసు చివరి భాగమంతా జీర్ణకోశ వ్యాధుల వార్డులోనే గడిచింది. అక్కడ ఎప్పుడు చూసినా ఎక్కువ మంచాలు లివర్ కేసులవే. నయమై వెళ్లినవాళ్లే నెల తిరక్కుండా మళ్లీ స్ట్రెచర్ మీద వచ్చేవాళ్లు. ఏం జరిగిందని కూర్చోబెట్టి అడిగితే చాలాసార్లు ఒకే సంగతి బయటపడేది. డాక్టరు మందు రాశారు, వీళ్లు కొన్నారు కూడా. కానీ అది ఎందుకు వాడాలో, ఎందుకు ఆపకూడదో ఇంట్లో చూసుకునే మనిషికి ఎవరూ విడమరచి చెప్పలేదు.

డిశ్చార్జి రోజు వార్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ మంచం కోసం కింద క్యాజువాల్టీలో ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. హౌస్ సర్జన్ ఇంగ్లిషులో రాసిన సమ్మరీ చేతిలో పెడతాడు. అందులో డీసీఎల్‌డీ అని ఉంటుంది, సీటీపీ స్కోర్ అని ఉంటుంది. "మందులు టైముకి వెయ్యండి, రెండు వారాలకు ఓపీకి రండి, తాగనివ్వకండి" అని మూడు ముక్కలు చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతాడు. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడం లేదు. రాత్రంతా డ్యూటీ చేసి నిలబడ్డవాడు. కానీ ఆ కాగితం పట్టుకుని నిలబడే మనిషి ఎవరు? సాధారణంగా భార్య, లేకపోతే కూతురు. ఐదో తరగతి వరకు చదివి ఉంటుంది, అదీ లేకపోవచ్చు. ఆ రోజు నుంచి ఆ రోగికి డాక్టరూ నర్సూ అంతా ఆవిడే.

ఒక లంక గ్రామం నుంచి ఆటోలో తెచ్చిన ఒకాయన సంగతి చెబుతాను. అంతకు ముందు నెలే మా వార్డులో ఉండి వెళ్లాడు. అరటి తోటల్లో కూలి పని. ఇంటికెళ్లాక మొదట రాత్రిళ్లు నిద్ర పోయింది, పగలంతా మగత. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడం రాలేదు. చిల్లర లెక్కపెట్టలేకపోయాడు. ఒక రాత్రి లేచి వంటింట్లో పొయ్యి పక్కన మూత్రం పోశాడు, ఇదేంటని అడిగిన కొడుకు మీద చెయ్యి ఎత్తాడు. గాలి సోకిందన్నారు ఊళ్లో. తాగుడు మానేసినందుకు పిచ్చెక్కిందని ఇంకొకరు. జబ్బకు తాయెత్తు కట్టించారు. నేను ఆయన్ని రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్లు పైకి ఉండేలా అరచేతులు నిలబెట్టి పట్టుకోమన్నాను. మణికట్టు దగ్గర చేతులు టపటపా కిందికి పడిపోతున్నాయి. లివర్ వార్డులో పనిచేసినవాళ్లు ఇది చూడగానే విషయం పసిగడతారు.

"సిరప్ పోస్తున్నావా అమ్మా?" అని భార్యను అడిగాను.

"విరేచనాలు అవుతున్నాయి సిస్టరమ్మా. అసలే నీరసం మనిషి. అందుకని ఆపేశాం."

ఆ సిరప్ పేరు లాక్టులోజ్. విరేచనం అవ్వాలనే అది ఇస్తారు. మనం తిన్న తిండిలోని మాంసకృత్తుల నుంచి పేగుల్లో అమ్మోనియా తయారవుతుంది. మంచి లివర్ దాన్ని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. చెడిపోయిన లివర్‌కు ఆ శక్తి ఉండదు, అది రక్తంలో తిరిగి మెదడుకు చేరుతుంది. మనిషి తికమకపడతాడు, ముదిరితే కోమాలోకి వెళ్తాడు. పేగులు రోజూ ఖాళీ అవుతుంటే ఆ విషం చాలా వరకు బయటికి పోతుంది. ఆయనకు లాక్టులోజ్‌తో ఎనిమా ఇచ్చాం, ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని రక్తం, పొట్టలోని నీరు పరీక్షకు పంపారు. మర్నాడు పొద్దున ఆయన కళ్లు తెరిచి భార్యను పేరు పెట్టి పిలిచి టీ అడిగాడు. ఆవిడ ఏడ్చేసింది. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను: "రోజుకి రెండు మూడుసార్లు మెత్తగా అవ్వాలి తల్లీ. అవ్వకపోతే కాస్త ఎక్కువ పొయ్యి. నీళ్లలాగా నాలుగైదుసార్లు అయితే తగ్గించు. పూర్తిగా మాత్రం ఎప్పుడూ ఆపకు."

"ఈ మాట అప్పుడే చెప్పుంటే తాయెత్తుకి రెండు వేలు పోసేవాళ్లం కాదు కదమ్మా" అంది.

ఆ మాటకు జవాబు మా దగ్గర లేదు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఇంట్లోవాళ్లు గమనించాల్సింది ఇంకా ఉంది. మలబద్ధకం, జ్వరం, కడుపులో రక్తస్రావం, పొట్టలో నీరు తగ్గడానికిచ్చే మాత్రలు మోతాదు మించడం, వీటిలో ఏదొచ్చినా ఈ తికమక మొదలవుతుంది. అన్నిటికంటే నాకు భయం నిద్రమాత్రలంటే. నిద్ర పట్టడం లేదంటే పక్కింటివాళ్లో, ఊళ్లో ఆర్‌ఎంపీయో ఒక ఆల్‌ప్రాజోలం ఇచ్చేస్తారు. నిద్ర పట్టకపోవడమే జబ్బు ముదురుతున్న గుర్తు, దాని మీద ఆ మాత్ర వేస్తే మనిషి లేవడు. నేను ఆడవాళ్లకు ఒక చిన్న పద్ధతి చెప్పేదాన్ని. రోజూ పొద్దున ఒక నోట్‌బుక్‌లో ఆయనచేత తేదీ, తన పేరు రాయించండి అని. అక్షరాలు వంకర్లు తిరగడం మొదలైతే మాటలో తేడా రాకముందే తెలిసిపోతుంది. ఈ దశ ఒకసారి వచ్చిన మనిషి చేతికి బండి తాళం మాత్రం ఇవ్వకండి.

లివర్ గట్టిపడితే ఇన్ని తిప్పలు ఎందుకొస్తాయో మా తెనాలివాళ్లకు చెప్పడం సులువు. పెద్ద కాలవకు అడ్డం పడితే నీరు ఎగదన్ని పిల్లకాలవల్లోకి మళ్లి, చివరికి బలహీనంగా ఉన్న గట్టు తెంచుకుంటుంది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా లివర్ గుండానే పోవాలి. అది గట్టిపడి దారి ఇవ్వకపోతే రక్తం అన్నవాహిక చివర ఉన్న సన్నని నాళాల్లోకి ఎక్కుతుంది. అవి ఉబ్బి, ఒకరోజు పగులుతాయి. అప్పుడొచ్చే రక్తపు వాంతి చూసినవాళ్లు జన్మలో మరిచిపోలేరు. ఒక్కోసారి వాంతి ఉండదు, విరేచనం నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో అవుతుంది. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగా అవుతుంది కానీ జిగట ఉండదు. సందేహం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఈ రక్తస్రావాన్ని చాలా వరకు ముందే ఆపవచ్చు. సిర్రోసిస్ అని తేలగానే ఎండోస్కోపీ చేసి ఉబ్బిన నాళాలు ఉన్నాయో లేదో చూస్తారు. ఉంటే చిన్న రబ్బరు బ్యాండ్లు వేసి బిగిస్తారు, లేదా ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ లాంటి మాత్ర ఇస్తారు. ఇక్కడా అదే ముప్పు. ఆ మాత్రలు బీపీకి కూడా వాడేవే. డిశ్చార్జి అయి వెళ్లాక ఊళ్లో ఎవరో మాత్రల డబ్బా చూసి "ఈయనకి బీపీ లేదు కదా, బీపీ బిళ్ల ఎందుకిచ్చారు?" అంటారు. ఆపేస్తారు. నెల తిరిగేసరికి బకెట్ పట్టుకుని క్యాజువాల్టీకి వస్తారు. ఆ మాత్ర లివర్ చుట్టూ ఉన్న నాళాల్లో ఒత్తిడి తగ్గించడానికి ఇచ్చారన్న ఒక్క వాక్యం ఆ డబ్బా మీద తెలుగులో రాసి ఉంటే చాలు. అయితే నిజంగానే బీపీ బాగా పడిపోయి కళ్లు తిరుగుతుంటే మాత్రం డాక్టరుకు చెప్పాలి, పొట్టలో నీరు ఎక్కువైనవాళ్లకు ఆ మాత్ర తగ్గించాల్సి రావచ్చు. ఆ నిర్ణయం ఊళ్లో జరగకూడదు.

ప్లేట్‌లెట్లు తగ్గడం కూడా ఈ ఒత్తిడి వల్లే. ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను పట్టేసుకుంటుంది. రిపోర్టులో ఆ అంకె చూసి డెంగ్యూ అనుకుని బొప్పాయి ఆకు రసం పోస్తున్న ఇళ్లు ఎన్నో.

ఇక పొట్టలో నీరు. మా వార్డులో ఎక్కువ మంది దీనితోనే వస్తారు. ఉప్పు తగ్గించమని అందరూ చెబుతారు, ఎంత తగ్గించాలో ఎవరూ చెప్పరు. రోజంతటికీ, అన్ని కూరలూ కలిపి, దాదాపు 5 గ్రాములు. అంటే చదునుగా ఒక టీ స్పూను. ఇక ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు మనం ఉప్పు కింద లెక్కేయం. కూరలో ఉప్పు తగ్గించి పక్కన మాగాయ ముక్క వేసి పెట్టే తల్లుల్ని ఎంతమందిని చూశానో! చప్పిడి తిండి సయించక పోతున్నాడన్న జాలి వాళ్లది. నిమ్మకాయ, వెల్లుల్లి, కొత్తిమీర, మిరియాలు ఎంతైనా వాడుకోమని చెప్పాలి. బీపీ ఉన్నవాళ్ల కోసం కొట్లలో అమ్మే తక్కువ సోడియం ఉప్పు మాత్రం వీళ్లకు వద్దు. దానిలో పొటాషియం ఉంటుంది. నీరు తగ్గడానికి ఇచ్చే స్పైరనోలాక్టోన్ మాత్ర కూడా పొటాషియం పెంచుతుంది. రెండూ కలిస్తే గుండెకే ప్రమాదం.

నీళ్లు తాగనివ్వకుండా మాడ్చే ఇళ్లూ ఉన్నాయి. రక్తంలో సోడియం బాగా పడిపోయినప్పుడు డాక్టరే నీళ్లు తగ్గించమంటారు. ఆ మాట చెప్పనంతవరకు దాహానికి నీళ్లివ్వండి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద బరువు చూసి రాసుకోవాలి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగాడంటే అది కండ కాదు, నీరు. కాళ్ల వాపు లేని మనిషి మాత్రల వల్ల రోజుకు అరకిలో కంటే ఎక్కువ తగ్గుతున్నా మంచిది కాదు, కిడ్నీ దెబ్బతింటుంది. మూత్రం తగ్గిపోతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పొట్ట బిగుసుకుపోయి ఆయాసం వస్తే సూదితో నీరు తీస్తారు. ఒకసారి తీస్తే ఇక జీవితాంతం తీయిస్తూనే ఉండాలని, తీస్తే మనిషి పోతాడని ఊళ్లలో ఒక భయం ఉంది. ఆ భయంతో నెలలు ఆలస్యం చేస్తారు. 5 లీటర్లకు మించి తీసినప్పుడు అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక మాంసకృత్తి) సీసాలు ఎక్కిస్తారు, అప్పుడు బీపీ పడిపోకుండా, కిడ్నీ చెడకుండా ఉంటుంది. ఆ నీటిలో కొంత పరీక్షకు పంపడం కూడా ముఖ్యమే. అందులో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఘనపు మిల్లీమీటరుకు 250 దాటితే లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు. దీనికి పెద్ద జ్వరం, పెద్ద నొప్పి ఉండి తీరాలని లేదు. మనిషి డల్‌గా ఉన్నాడు, అన్నం తినడం లేదు అనుకునేలోపు ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడితే నిలబడతాడు.

మోకాళ్ల నొప్పులకు వేయించుకునే ఇంజెక్షన్ల గురించి కూడా రాయాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి లివర్ గట్టిపడినవాళ్లకు కిడ్నీని చెడగొడతాయి, రక్తస్రావం తెస్తాయి. పైగా మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చేస్తారు. నొప్పికో జ్వరానికో పారాసెటమాల్ మేలు, అదీ రోజుకు 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలు నాలుగు దాటకుండా, డాక్టరును అడిగి. లివర్‌కు పారాసెటమాల్ చెడ్డదని విని, అది మానేసి డైక్లో ఇంజెక్షన్ చేయించుకునేవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది.

పత్యం సంగతికి వస్తే నాకు బాధతో పాటు కోపం కూడా వస్తుంది. కామెర్లు అనగానే పప్పు బంద్, గుడ్డు బంద్, నూనె చుక్క బంద్. మజ్జిగన్నం, చెరకు రసం, గ్లూకోజు నీళ్లు, ఇంతే. సిర్రోసిస్ రోగికి అసలే కండ కరిగిపోతుంటుంది, చేతులు పుల్లల్లా అయి పొట్ట ఒక్కటే ముందుకొస్తుంది. అతనికి మామూలు మనిషి కంటే ఎక్కువ మాంసకృత్తులు కావాలి, కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్డు, శనగలు, పాలు నిరభ్యంతరంగా పెట్టవచ్చు. తికమక వచ్చినవాళ్లకు కూడా మాంసకృత్తులు ఆపొద్దనే ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. ఆకలి లేదంటాడు కాబట్టి కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టాలి. ముఖ్యంగా రాత్రి పడుకోబోయే ముందు ఏదో ఒకటి తినాలి, గ్లాసు పాలు, రెండు ఇడ్లీలు, ఏదైనా సరే. లివర్ నిల్వ ఉంచుకోలేదు కాబట్టి రాత్రంతా కడుపు ఖాళీగా ఉంటే ఒంట్లో కండనే తింటుంది. కార్తీక సోమవారాలు నక్షత్రం కనపడేదాకా పస్తుండే తల్లులున్నారు. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు ఆ ఉపవాసం వద్దమ్మా. దీపం పెట్టుకోండి, అన్నం మాత్రం మానకండి.

పసరు మందు గురించి నలుగురికీ నచ్చని మాట చెప్పక తప్పదు. కామెర్లలో హెపటైటిస్ ఎ, ఇ అనే రకాలు కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వస్తాయి, చాలా మందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో పసరు తాగినవాడు పసరు వల్ల తగ్గిందనుకుంటాడు, చేతి మీద వాత పెట్టించుకున్నవాడు వాత వల్ల తగ్గిందనుకుంటాడు. కానీ కామెర్లకు కారణాలు చాలా. పిత్తనాళంలో రాయి ఉండొచ్చు, గడ్డ ఉండొచ్చు, హెపటైటిస్ బి ఉండొచ్చు, లివర్ అప్పటికే గట్టిపడి ఉండొచ్చు. పసరు కోసం పక్క జిల్లాకు వెళ్లిరావడానికి పెట్టిన వారం రోజుల్లోనే అసలు సమయం చేజారిపోతుంది. గర్భిణికి కామెర్లు వస్తే మరీ ప్రమాదం. హెపటైటిస్ ఇ వాళ్ల ప్రాణం తీసేంత తీవ్రంగా రావచ్చు. ముందు రక్తపరీక్ష, స్కానింగ్. ఆ తర్వాతే ఏదైనా.

లివర్ రోగి కనపడగానే మన నోట వచ్చే మొదటి ప్రశ్న "తాగుతాడా?" అని. తాగుడు పెద్ద కారణమే, కాదనను. కానీ చుక్క ముట్టని ఆడవాళ్లు, పిల్లలు కూడా మా వార్డులో ఉండేవాళ్లు. షుగరు, అధిక బరువు వల్ల కొవ్వు పేరుకుని గట్టిపడిన లివర్‌లు, హెపటైటిస్ బి, సి, శరీరమే తన లివర్ మీద దాడి చేసుకునే జబ్బు, రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి, ఇలా ఎన్నో. ఆ ప్రశ్నకు భయపడి కూతురి జబ్బు దాచిపెట్టిన తల్లిదండ్రులు నాకు తెలుసు, పెళ్లి సంబంధాలు రావని. తాగినవాడికి వచ్చినా వైద్యం వైద్యమే. వాడు తెచ్చుకున్నాడు కదా అని అల్బుమిన్ సీసా దగ్గర వెనకాడే హక్కు ఎవరికీ లేదు.

తాగుడు మానేవాళ్లకు ఒక మాట. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండేవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. అంటే మానగల శక్తి ఆ మనిషిలో ఉంది. సిర్రోసిస్ వచ్చాక కూడా మానేసినవాళ్లలో నీరు తగ్గి, మాత్రలు తగ్గి, పనికి వెళ్లినవాళ్లను నా కళ్లతో చూశాను. అయితే రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్లు, ఏవేవో కనిపించడం లాంటివి రెండు మూడు రోజుల్లో మొదలవ్వచ్చు. అది ప్రాణం తీస్తుంది. మానిపించండి, కానీ డాక్టరుకు చెప్పి మానిపించండి.

హెపటైటిస్ బి విషయంలో మన తెలుగువాళ్లకు మరింత బాధ్యత ఉందని నా నమ్మకం. విదేశీ టీకా సామాన్యుడికి అందనంత ఖరీదుగా ఉన్న రోజుల్లో, 1997లో, హైదరాబాద్‌లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే ఆ టీకా తయారుచేసి ధర దించింది. ఇప్పుడు ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేస్తోంది. పుట్టిన 24 గంటల్లో వేసే డోసు అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే పురిట్లో తల్లి నుంచి సోకితే 10 మంది పిల్లల్లో దాదాపు 9 మందికి ఆ వైరస్ ఒంట్లో ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకినవాళ్లలో ఎక్కువ మందికి దానంతటదే పోతుంది. ఇంట్లో ఒకరికి బి ఉందని తెలిస్తే మిగతా అందరికీ హెచ్‌బీఎస్‌ఏజీ అనే రక్తపరీక్ష చేయించి, లేనివాళ్లకు టీకా వేయించాలి. ఈ పని జరగదు. అన్నకు సిర్రోసిస్ అని వార్డులో ఉంటే, తమ్ముడు టిఫిన్ క్యారియర్ తెచ్చి ఇచ్చి వెళ్లిపోతాడు, తనకూ ఉందేమో చూపించుకోమని అతనికి ఎవరూ చెప్పరు. కలిసి తింటే, పక్కన కూర్చుంటే ఇది రాదు. రక్తం, సూదులు, బ్లేడ్లు, లైంగిక సంబంధం, పురుడు, వీటి ద్వారానే వస్తుంది. హెపటైటిస్ సి అయితే టీకా లేదు కానీ సాధారణంగా 12 వారాల మాత్రలతో నూటికి 90 మందికి పైగా పూర్తిగా పోతుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇది ఊహించలేని మాట. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ రెండింటికీ పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆ సంగతి తెలియక అప్పు చేసి మందులు కొంటున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

సిర్రోసిస్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఆరు నెలలకోసారి పొట్ట స్కానింగ్ చేయించాలి. లివర్ క్యాన్సర్ చిన్న గడ్డగా ఉన్నప్పుడు దొరికితే తీసేయవచ్చు, కాల్చేయవచ్చు. నొప్పి వచ్చాక దొరికితే చేయగలిగింది తక్కువ.

చివరగా కాలేయ మార్పిడి. మన దేశంలో మొదటిసారి విజయవంతంగా జరిగింది 1998లో, ఢిల్లీలో. తండ్రి తన కాలేయంలో కొంత ఇచ్చాడు, బిడ్డకు అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఆ బిడ్డ పెరిగి పెద్దయి డాక్టరయ్యాడు. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ డాక్టర్లే ఈ ఆపరేషన్లు చేశారు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాల కోసం ప్రభుత్వ అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు. ప్రైవేటులో ఖర్చు ఇరవై లక్షల పైమాటే, అందుకే ముందుగా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఏ పథకం కింద ఏం వస్తుందో అడగాలి. కానీ నేను చెప్పదలచుకుంది డబ్బు గురించి కాదు, సమయం గురించి. మనవాళ్లు ట్రాన్స్‌ప్లాంట్ మాట ఎత్తేది ఐసీయూలో. పొట్టలో నీరు మొదటిసారి వచ్చినప్పుడే, రక్తపు వాంతి మొదటిసారి అయినప్పుడే "మా ఆయనకు మార్పిడి అవసరమవుతుందా?" అని అడగాలి. అప్పటికి ఒంట్లో శక్తి ఉంటుంది, దాత కోసం వెతకడానికి, పరీక్షలకు, డబ్బుకు వ్యవధి ఉంటుంది. ఇంట్లోవాళ్లు కాలేయంలో భాగం ఇస్తే, ఇచ్చినవాళ్లకు మిగిలినది కొన్ని నెలల్లో పెరిగి దాదాపు మునుపటంత అవుతుంది. ఇచ్చేవాళ్లకూ పెద్ద ఆపరేషనే, ప్రమాదం అస్సలు లేదని చెప్పలేను. ఎవరినీ బలవంతపెట్టకూడదు, ముఖ్యంగా కోడళ్లను, భార్యలను. ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో వార్డు వరండాలో నిలబడి చూశాను.

సంపాదకులు గారూ, నేను కోరేది పెద్ద ఖర్చు పని కాదు. సిర్రోసిస్ రోగిని డిశ్చార్జి చేసేటప్పుడు ఒక తెలుగు కాగితం ఇవ్వాలి. ఏ మందు దేనికి, ఏది ఆపకూడదు, ఏ లక్షణం కనపడితే ఆ గంటలోనే రావాలి, ఏం తినాలి, స్కానింగ్ ఎప్పుడు, ఎండోస్కోపీ మళ్లీ ఎప్పుడు. ఒక నర్సు పావుగంట కూర్చుని దాన్ని చదివి వినిపించి, "ఇప్పుడు నువ్వు నాకు చెప్పమ్మా" అని తిరిగి చెప్పించుకోవాలి. చదువురానివాళ్లకు బొమ్మలతో ఇవ్వాలి. ఆ కాగితం నకలు ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర, ఏఎన్ఎం దగ్గర ఉండాలి. ఇది జరిగేలా రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలను మీరు అడగండి. ఈలోగా మీ ఆరోగ్యం పేజీలో వారానికి ఒక్కటి చొప్పున పైన చెప్పిన సంగతులు వేయండి, లివర్ స్పెషలిస్టులతో సరిచూపించి వేయండి. కత్తిరించి గోడకు అంటించుకునేంత పెద్ద అక్షరాలతో వేస్తే ఇంకా మేలు.

అలాంటి కాగితం ఒకటి నేను వార్డులో ఉన్నప్పుడే చేత్తో రాసి, జెరాక్స్ తీయించి పంచేదాన్ని. ఇప్పటికీ నా దగ్గర ఉంది. మీ విలేకరి వస్తే ఇస్తాను. గుంటూరు, తెనాలి వైపు ఏ ఆసుపత్రివాళ్లైనా వాడుకుంటామంటే నేనే వచ్చి అక్కడి సిస్టర్లతో కూర్చుని చెబుతాను. పొద్దున పదిన్నర తర్వాత ఎప్పుడైనా సరే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
తెనాలి